వార్డెన్ అని పిలిచేవాడు

మన ఊళ్ళలో మనిషి పోయిన మర్నాటికల్లా సెంటర్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లేస్తుంది. ఫొటో కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, దాని పక్కనే బ్రాకెట్లో బుజ్జి అనో, చంటి అనో, పొట్టి అనో ఇంకో పేరు. ఆ బ్రాకెట్ లేకపోతే పోయిందెవరో సగం ఊరికి తెలియదు. ఆధార్ కార్డులో ఉన్న పేరు తలుచుకుని ఏడ్చేవాళ్ళు ఎవరుంటారు?

ఇంట్లోవాళ్ళు పెట్టే ముద్దుపేరు సంగతి వేరు. మనం ఎలాంటివాళ్ళమో తేలకముందే ఉయ్యాల్లోనే తగిలించేస్తారు. స్నేహితుడు పెట్టే పేరుకి మాత్రం కొంత పరిశీలన కావాలి. వాడు మనతో కొన్నాళ్ళు తిరుగుతాడు, మన మాట, నడక, భయం, పిసినారితనం అన్నీ చూస్తాడు, అందులో ఒకదాన్ని పట్టుకుని పేరు కట్టేస్తాడు. చాలాసార్లు వాడు పట్టుకునేది మన లోపాన్నే. అయినా పిలవగానే పలుకుతాం. అదే లోపాన్ని నాన్న ఎత్తిచూపితే గుమ్మం దిగి వెళ్ళిపోయేవాళ్ళం.

నాకు దొరికిన పేరు వార్డెన్. హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్ళం. పది దాటితే లైటు తీసెయ్యమనేవాణ్ణి. మెస్ బిల్లు పైసలతో సహా పంచేవాణ్ణి. సినిమాకి బయల్దేరితే టైటిల్స్ అయిపోతాయని అందర్నీ తరిమేవాణ్ణి. పేరు పెట్టినవాడు వరండాలో నిలబడి, "వార్డెన్‌గారు వస్తున్నార్రా, చెప్పులు వరసలో పెట్టండి" అని అరిచేవాడు. చదువులయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఫోనెత్తితే మాత్రం వాడి మొదటి మాట మారలేదు. "వార్డెన్, మాట్లాడ్డానికి పర్మిషన్ ఉందా?" అనేవాడు.

వేళాకోళమే. కానీ అందులో ఒక పని జరిగిపోయేది. నా పద్ధతి ఎక్కడ ఆగి పెత్తనం ఎక్కడ మొదలవుతుందో ఆ ఒక్క మాటతో తెలిసేది. ఆఫీసులో అదే గుణాన్ని క్రమశిక్షణ అన్నారు, దానిమీదే పైకి తీసుకెళ్ళారు. పైకి వెళ్ళినకొద్దీ పేరు చివర గారు చేరింది. ఏభై దాటాక మనకి నమస్కరించేవాళ్ళు పెరుగుతారు, ఒరేయ్ అనేవాళ్ళు తగ్గుతారు. వాడు గుండెపోటుతో పోయాక నాకు పోయింది స్నేహితుడు ఒక్కడే కాదు. నా లోపం నా దగ్గరే ఉండిపోయింది, దాన్ని నవ్వుతూ చెప్పే మనిషి లేకుండాపోయాడు. వ్యక్తిత్వం గురించి ఇన్ని పుస్తకాలొస్తున్నాయి కదా, ఈ నష్టం గురించి ఎవరైనా రాశారేమోనని వెతికాను. నాకు కనబడింది తక్కువ.

స్నేహితుడి చావులో స్నేహితుడికి చోటు లేదన్నది ఇంకో సంగతి. దాయాదులకి మైల ఉంటుంది. కొడుక్కి కర్మ ఉంటుంది. అల్లుడికీ, మేనమామకీ, వియ్యంకుడికీ తలా ఒక వరస, ఒక మర్యాద ఉంటాయి. స్నేహితుడు ఫ్రీజర్ బాక్స్ మాట్లాడతాడు, షామియానా వేయిస్తాడు, అమెరికాలో ఉన్న కొడుకు ఫ్లైటెక్కాడో లేదో కనుక్కుంటాడు, డెత్ సర్టిఫికెట్ కోసం మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరుగుతాడు, పెద్దకర్మ నాడు వడ్డన చూసుకుంటాడు. అంతా అయ్యాక ఇంటికెళ్ళి స్నానం చేస్తాడు. వాణ్ణి పరామర్శించడానికి ఎవరూ రారు. "మీకేమవుతారండీ?" అని ఆఫీసులో అడుగుతారు. ఫ్రెండండీ అన్న జవాబుకి సెలవు రాదు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో సరిగ్గా ఇలాంటి దుఃఖం మీదే ఒక పుస్తకం తెచ్చాడు. సమాజం లెక్కలోకి తీసుకోని దుఃఖం, అనుభవిస్తున్నవాడికి కూడా నాకీ హక్కుందా అనిపించే దుఃఖం అని ఆయన వివరించాడు. చదివాక నాకు కొంచెం ఊపిరాడింది.

పేరుతోపాటు వచ్చే చనువు ఎంత విలువైందో చెప్పడానికి గాంధీని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. దేశమంతా మహాత్మా, బాపూ అంటున్న రోజుల్లో ఆయన్ని మోహన్ అని పిలిచే మనిషి ఒకాయన ఉండేవాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ మతాచార్యుడు సి.ఎఫ్. ఆండ్రూస్. గాంధీకి ఆయన చార్లీ. 1914 జనవరిలో డర్బన్ రేవులో మొదటిసారి కలిసినప్పుడు ఆండ్రూస్ వంగి గాంధీ పాదాలు తాకాడు. అక్కడి తెల్లవాళ్ళు మండిపడ్డారు. అంత భక్తితో మొదలైన మనిషి ఆ తర్వాత భక్తుడిగా మిగిలిపోలేదు. 1918లో గాంధీ సైన్యంలో చేరమని ఊరూరా తిరిగి చెబుతుంటే అహింస మాటేమిటని వాదించాడు. 1921లో విదేశీ బట్టల్ని తగలబెట్టిస్తుంటే బాధపడి ఉత్తరం రాశాడు. గాంధీ ఆ ఉత్తరాన్ని దాచలేదు, తన యంగ్ ఇండియా పత్రికలో అచ్చువేసి తన జవాబు చెప్పుకున్నాడు. మోహన్ అని పిలిచే చనువు ఉన్నవాడికి నువ్వు చేస్తున్నది నాకు నచ్చలేదని చెప్పే చనువు కూడా ఉంటుంది.

1940 ఏప్రిల్ 5న ఆండ్రూస్ కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన పేరున శాంతినికేతన్ కోసం 5 లక్షల రూపాయల నిధి తలపెట్టారు. 1942 మే నెలలో, క్విట్ ఇండియాకి మూడు నెలల ముందు, గాంధీ బొంబాయి వెళ్ళి ఆ నిధికి చందాలు అడిగాడు. దేశం అంత ఉడికిపోతున్నప్పుడు డెబ్భై దాటిన మనిషి స్నేహితుడి కోసం జోలె పట్టాడు. అదే ఆయన పెట్టిన తద్దినం అనుకోవచ్చు.

మన సాహిత్యంలోనూ ఇలాంటిది ఉంది. శ్రీశ్రీ స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు 1937లో పోయాడు. శ్రీశ్రీ మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో. పదమూడేళ్ళు గడిచినా అంకితం ఆ స్నేహితుడికే.

ఎవరైనా పోయినప్పుడు "మర్చిపో, ముందుకెళ్ళు" అని చెప్పడం ఇప్పుడు ఎక్కువైంది. పోయినవాళ్ళ నుంచి మనసును విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అని 1917లో ఫ్రాయిడ్ రాశాక పడమటి దేశాల్లో చాలాకాలం ఆ మాటే చెల్లింది. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు ఒక పుస్తకం తెచ్చి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా పోయినవాళ్ళతో బంధం తెంచుకోరు, దాని రూపం మార్చుకుంటారు అన్నారు. ఏటేటా తద్దినాలు పెట్టుకునే మనకి ఇందులో కొత్తేమీ లేదు. కాకపోతే తద్దినం కొడుకు పెడతాడు. స్నేహితుడు తన దారి తనే వెతుక్కోవాలి.

నా దారి ఇది. ఎవరిమీదైనా గొంతు లేచే ముందు పర్మిషన్ ఉందా అని నన్ను నేనే అడుగుతున్నాను. వాడి గొంతు వినిపిస్తుందని చెప్పను, అలాంటివి నేను నమ్మను. వాడు చేసే పని ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి నేను చేస్తున్నాను. వాడంత బాగా రాదు. వాడు అడిగితే నవ్వొచ్చేది, నన్ను నేనే అడిగితే ఒక్కోసారి చిరాకేస్తుంది.

మీకూ అలాంటి పేరు ఉంటే, అది మీలో ఏ గుణాన్ని పట్టుకుని పుట్టిందో ఒకసారి చూసుకోండి. కొత్తవాళ్ళకి ఆ పేరు అందించాల్సిన పనిలేదు. ఆఫీసులో ఒకాయన ఎక్కడో విని నన్ను వార్డెన్ అన్నాడు. అదే మాట, ఎగతాళిలా తగిలింది. ఫోన్లో పోయిన స్నేహితుడి నంబరు ఉంచుకోవాలంటే ఉంచుకోండి, మెసేజ్ మాత్రం పెట్టకండి. ఆపేసిన నంబరును 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ స్నేహితుడి పేరు కింద ఎవరిదో పెళ్ళి ఫొటో కనబడితే ఆ రోజంతా పాడవుతుంది.

అన్ని పేర్లూ దాచుకోదగ్గవి కావు. రంగు మీదా, నత్తి మీదా, కులం మీదా పెట్టిన పేరుకి పైకి నవ్వి లోపల ఏడ్చినవాళ్ళు బోలెడంతమంది. పెట్టినవాడు పోయాక ఆ పేరు ఆగిపోతే హాయిగా అనిపించిందంటే అందులో తప్పేమీ లేదు. మనిషిని తలుచుకోండి, పేరుని వదిలెయ్యండి.

స్నేహితుడి పిల్లలతో మాట్లాడటం మాత్రం మానకండి. వాళ్ళకి నాన్న తెలుసు, మన దగ్గరున్న కుర్రాడు తెలియదు. మావాడికి మేం పెట్టిన పేరు సప్లీ. ఎందుకో ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాళ్ళావిడ ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మొన్న వాళ్ళమ్మాయికి లెక్కల్లో బ్యాక్‌లాగ్ పడింది. రెండ్రోజులు అన్నం మానేసిందని తెలిసి ఫోన్ చేసి వాళ్ళ నాన్న పేరు చెప్పాను. ఏడుపు ఆపి, "ఎన్ని తప్పారు పెదనాన్నా?" అంది. వార్డెన్ని కదా, సబ్జెక్టులతో సహా లెక్క చెప్పాను.

"అయితే నాకింకా నాలుగు మిగిలున్నాయి" అంది.