సిమెంటు గట్టిపడే వేగాన్ని అదుపు చేసే జిప్సం

రాయ్‌పూర్ నగరంలోని మోవా మీదుగా వెళ్లే రోడ్డు బలోదా బజార్ వైపు సాగుతుంది. సున్నపురాయి పుష్కలంగా దొరికే ఆ ప్రాంతంలో పెద్ద సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. అయితే సున్నపురాయి ఒక్కటే ఉంటే సిమెంటు తయారు కాదు. వందకు మూడు నుంచి ఐదు పాళ్ల జిప్సం కలవకపోతే, నీళ్లు పోసిన కొద్ది నిమిషాల్లోనే అది తట్టలోనే బిగుసుకుపోతుంది.

ఎందుకిలా జరుగుతుంది? సున్నపురాయిని, బంకమట్టి వంటి పదార్థాలను కిల్న్‌లో దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే క్లింకర్ అనే గట్టి ఉండలు వస్తాయి. సిమెంటుకు బలాన్నిచ్చేది వాటిలోని కాల్షియం సిలికేట్లు. ఇవి నీటితో నిదానంగా చర్య జరుపుతాయి. ట్రైకాల్షియం అల్యూమినేట్ అనే మరో సమ్మేళనం మాత్రం నీరు తగిలిన వెంటనే వేడిని వెదజల్లుతూ గడ్డకడుతుంది. దీన్ని ‘ఫ్లాష్ సెట్’ అంటారు.

జిప్సం అంటే నీటి అణువులతో కూడిన కాల్షియం సల్ఫేట్. క్లింకర్‌తో కలిపి పొడి చేసిన జిప్సం నీటిలో కరిగి సల్ఫేట్ అయాన్లను విడుదల చేస్తుంది. అవి అల్యూమినేట్‌తో కలిసినప్పుడు ఎట్రింజైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు ఏర్పడతాయి. ఈ స్ఫటికాల పూతే చర్యను అడ్డుకుంటుందని చాలాకాలం భావించారు. సల్ఫేట్ అయాన్లు అల్యూమినేట్ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని, అది త్వరగా కరగకుండా చూడటమే ముఖ్యమని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఏ విధంగా చూసినా, కాంక్రీటు కలిపి, మోసుకెళ్లి, పోసి, చదును చేసే వ్యవధి దొరుకుతుంది.

అలాగని జిప్సం ఎక్కువైనా ప్రమాదమే. కాంక్రీటు గట్టిపడిన తర్వాత కూడా ఎట్రింజైట్ పెరుగుతూ ఉంటే లోపలి నుంచి ఒత్తిడి పుట్టి పగుళ్లు వస్తాయి. అందుకే సిమెంటులో సల్ఫేట్ ఎంత ఉండవచ్చో భారతీయ ప్రమాణాలు పరిమితి విధించాయి. గట్టిపడే వ్యవధిని వికాట్ పరికరంలోని సూదితో కొలుస్తారు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు గట్టిపడటం మొదలుకాకూడదు, 600 నిమిషాల లోపు పూర్తిగా గట్టిపడాలి.

జిప్సం మోతాదు సరిగ్గా ఉన్నా మిల్లులో వేడి మరీ పెరిగితే మరో చిక్కు వస్తుంది. జిప్సం కొంత నీటిని కోల్పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌గా మారుతుంది. అలాంటి సిమెంటులో నీళ్లు కలిపితే అది తిరిగి జిప్సంగా మారుతూ మిశ్రమాన్ని బిరుసుగా చేస్తుంది. ఇది ‘ఫాల్స్ సెట్’. ఇందులో పెద్దగా వేడి పుట్టదు. నీళ్లు పోయకుండా మరోసారి బాగా కలిపితే మిశ్రమం మళ్లీ మెత్తబడుతుంది. ఇది తెలియక అదనంగా నీళ్లు పోస్తే శ్లాబు బలం తగ్గిపోతుంది. ఫ్లాష్ సెట్ అయిన మిశ్రమం మాత్రం మళ్లీ కలిపినా పనికిరాదు.

రాయ్‌పూర్ మే నెల ఎండల్లో సిమెంటు చర్యలన్నీ వేగం పుంజుకుంటాయి. మిశ్రమం త్వరగా బిగిసినంత మాత్రాన సిమెంటులో లోపం ఉందనుకోనక్కర్లేదు. చల్లటి నీళ్లు వాడటం, ఇసుక, కంకరలను నీడన ఉంచడం, ఉదయాన్నే లేదా సాయంత్రం కాంక్రీటు పోయడం మేలు.

దేశంలో తవ్వే సహజ జిప్సంలో దాదాపు అంతా రాజస్థాన్‌దే. ఇతర రాష్ట్రాల కర్మాగారాలకు అది దూరాభారం కనుక ప్రత్యామ్నాయాలు అవసరమవుతున్నాయి. విశాఖపట్నం, పారాదీప్‌లలోని ఎరువుల కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం తయారయ్యేటప్పుడు ఫాస్ఫోజిప్సం మిగులుతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను సున్నపురాయితో పట్టే చోట కూడా జిప్సం లభిస్తుంది. అయితే ఫాస్ఫోజిప్సంలో మిగిలిన ఫాస్ఫేట్, ఫ్లోరైడ్ మలినాలు సిమెంటు గట్టిపడటాన్ని అవసరానికి మించి ఆలస్యం చేస్తాయి. దాన్ని కడిగి లేదా సున్నంతో శుద్ధి చేసి వాడితే, గుట్టలుగా పేరుకుపోయే వ్యర్థం తగ్గుతుంది, గనుల మీద భారమూ తగ్గుతుంది. జిప్సం ఎక్కడి నుంచి వచ్చినా, దాన్ని కలిపిన సిమెంటు వికాట్ సూది పరీక్షలో నెగ్గాల్సిందే.