అరికాళ్ల మంటలకు ఒకే మాత్ర లేదు

బొబ్బిలి, సాలూరు చుట్టుపక్కల కుష్ఠు నివారణ పనిలో ఊళ్లు తిరిగి రిటైరైన వాణ్ణి. ఇప్పటికీ అరుగు మీద కూర్చుంటే చాలు, "ఏటి మాస్టారూ, కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి, నరాల బలం మాత్రేదైనా చెప్పండి" అని ఎవరో ఒకరు వస్తారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. "నరాల బలహీనత" జబ్బు పేరు కాదు. తిమ్మిరి ఎక్కడ మొదలైందో ముందు చెప్పండి. రెండు కాళ్లకూ వేళ్ల చివర్న మొదలై పైకి పాకుతుంటే షుగరు, బి12 లోపం, సారా, కిడ్నీ జబ్బు వీటిలో ఏదో ఒకటి కావచ్చు. రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ స్పర్శ తెలియకపోయినా, చిటికెన వేలూ ఉంగరం వేలూ వంగిపోతున్నా దారి వేరు. అలాంటివాళ్లకు మేం ముందు మోచేతి వెనక నరం తడిమి చూసేవాళ్లం. లావెక్కి తగిలితే కుష్ఠును అనుమానించాలి. మందు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, ఆరు నెలలో ఏడాదో వాడాలి. సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు చెబితే మొహం తిప్పుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ సిగ్గుతో ఆలస్యం చేసి వేళ్లు పోగొట్టుకుంటారు.

2. తిండికీ నరాలకూ ఉన్న లంకె ఈ నేలకు కొత్త కాదు. బెరిబెరి ఒకప్పుడు ఉత్తర సర్కారుల జబ్బు. మద్రాసు సైన్యంలో పనిచేసిన మాల్కంసన్ అనే డాక్టరు 1835లోనే దీని మీద పుస్తకం రాశాడు. కాళ్లు మొద్దుబారి, నడక పోయి, గుండె దెబ్బతిని చచ్చిపోయేవారు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. వందేళ్ల తర్వాత కూనూరు పరిశోధనశాలలో అయిక్రాయిడ్ బృందం గమనించిందేమిటంటే, అదే మద్రాసు రాష్ట్రంలో ఉప్పుడు బియ్యం తినే అరవ జిల్లాల్లో ఈ జబ్బు పెద్దగా లేదు, మరపట్టిన పచ్చి బియ్యం తినే మన తీరంలో ఉంది. ఈ జబ్బుకు కారణం బి1 లోపం. వడ్లు నానబెట్టి ఉడికిస్తే తవుడులోని బి1 గింజలోకి దిగుతుంది. పచ్చివి తెల్లగా పాలిష్ పడితే తవుడుతో పాటే పోతుంది, అంటే పశువులకు చేరుతుంది. మిగిలిన కాస్తా నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చి మనమే పారబోస్తాం.

3. అందుకని బియ్యం ఒకట్రెండుసార్లు కడిగితే చాలు. గంజి పారబోయకండి. తక్కువ పాలిష్ బియ్యం, గంటెలు, ఉలవలు, పెసలు వారంలో నాలుగు రోజులైనా తినండి. చోడి అంబలి మంచిదే గానీ అందులో బి12 లేదు. ఏ గింజలోనూ, ఏ ఆకుకూరలోనూ లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. భావనపాడు నుంచి వచ్చే ఎండు నెత్తళ్లను చిన్నచూపు చూడకండి, బీపీ ఉంటే ఉప్పు మాత్రం కడిగేయండి. శాకాహారులూ, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లూ బి12 పరీక్ష అడిగి చేయించుకోవాలి.

4. రేషన్ బియ్యంలో కలిపిన గింజల్ని ప్లాస్టిక్ అని ఏరి పారేసిన ఇళ్లు చూశాను. అవి బియ్యప్పిండితో చేసినవే. వాటిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విడిగా కలిపి ఉంటాయి.

5. బలం సూదులు వేయించుకుంటూ పోవద్దు. ఫోలిక్ యాసిడ్ తయారీ మన భీమవరం వాడు యల్లాప్రగడ సుబ్బారావు బృందం గొప్పతనమే. కానీ బి12 లోపం ఉన్నవాడికి అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరం మాత్రం చెడిపోతూనే ఉంటుంది. బి6 మోతాదు మించితే అదే తిమ్మిరి తెస్తుంది. క్షయ మందు ఐసోనియాజిడ్ తీసుకునేవాళ్లకు బి6 ఇచ్చేది వేరే లెక్క, దాన్ని మానకండి.

6. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు ఒక మాట. కవిటి, సోంపేట, పలాస వైపు కాళ్ల మంటలని నొప్పి బిళ్లలు కొని మింగుతుంటారు. కిడ్నీ చెడినా ఈ మంటలొస్తాయి, ఆ బిళ్లలు కిడ్నీని ఇంకా చెడగొడతాయి. ముందు క్రియాటినిన్ చూపించుకోండి.

7. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు తిప్పి చూసుకోండి, కళ్లు ఆనకపోతే మనవణ్ణి చూడమనండి. వేడినీళ్లలో ముందు మోచెయ్యి పెట్టి చూడండి. పొలానికి లోపల మెత్తగా, అడుగు గట్టిగా ఉండే చెప్పులు వేసుకుని వెళ్లండి. పుండు కనిపిస్తే పసుపు అద్ది ఊరుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి పొండి.