కుక్కకూ ఆపరేషన్

హంసలదీవి కృష్ణా జిల్లా కోడూరు మండలంలో ఉంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసేది ఈ దగ్గరలోనే. ఇక్కడ చాలామందికి చేపలే బతుకుతెరువు. చేపలు కోసే చోటికి, ఎండబెట్టే చోటికి కుక్కలు చేరతాయి. తలలు, పేగులు తింటాయి. తిండి దొరికిన చోటనే ఉంటాయి. అక్కడే పిల్లల్ని పెడతాయి.

సముద్రపు తాబేళ్లు కూడా ఈ ఒడ్డుకు వస్తాయి. చలికాలం చివర్లో రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక తాబేలు సుమారు వంద గుడ్లు పెడుతుంది. కుక్కలు, నక్కలు ఇసుక తవ్వి ఆ గుడ్లను తినేస్తాయి. కుక్కలు పెరిగితే మనకే కాదు, తాబేలుకూ నష్టమే.

కుక్కలు ఎలా పెరుగుతాయి?

ఆడకుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది. రెండు నెలలు మోస్తుంది. ఒక ఈతకు నాలుగు నుంచి ఎనిమిది పిల్లల దాకా పెడుతుంది. వాటిలో ఆడపిల్లలు ఏడాది తిరిగేలోపే ఎదకు వస్తాయి. అన్నీ బతకవు. కొన్ని ఆకలికి చస్తాయి. కొన్ని బండ్ల కింద పడతాయి. బతికినవి మళ్లీ పిల్లల్ని పెడతాయి.

కొందరు పిల్లల్ని గోనెసంచిలో వేసి దూరాన వదిలి వస్తారు. ఆరు నెలలకు తల్లి మళ్లీ ఈనుతుంది. ఊళ్లో కుక్కల్ని చంపినా, తరిమినా లాభం లేదు. తిండి ఉన్న చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి.

మరి దారి ఏమిటి? పిల్లలు పుట్టకుండా చూడడమే.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

కోడెదూడకు విత్తులు కొట్టించడం రైతు ఇంట కొత్త కాదు. ఇదీ అలాంటిదే. కాని ఇది పశువుల డాక్టరు మాత్రమే చేయాలి. ముందు మత్తు ఇస్తారు. కుక్కకు నొప్పి తెలియదు. ఆడకుక్కకు పొట్ట కోసి గర్భసంచి, అండాశయాలు తీసి కుట్లు వేస్తారు. మగకుక్కకు విత్తులు తీస్తారు. వీధికుక్క అయితే చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. అది ఆపరేషన్ అయిన గుర్తు.

పెంపుడు కుక్కను తరవాత పది రోజులు కనిపెట్టి ఉండాలి. పుండు నాకనివ్వకూడదు. తడవనివ్వకూడదు. చీము పడితే డాక్టరుకు చూపించాలి.

అత్తాకోడళ్ల మాట

"మూగజీవి కడుపు కోయించడం పాపం కాదటే అమ్మాయ్?"

"కళ్లు తెరవని పిల్లల్ని గట్టు మీద వదిలేసి రావడం పాపం కాదా అత్తయ్యా?"

"ఆపరేషన్ చేస్తే ఇక కాపలా కాయదంటారే?"

"ఎందుకు కాయదూ? కొత్తవాళ్లొస్తే మొరగకుండా ఉంటుందా? పైగా గర్భసంచికి చీము పట్టే జబ్బు రాదట. డాక్టరు గారే చెప్పారు."

అత్త కాసేపు ఆలోచించింది. "సరేలే, అడిగి చూడు" అంది.

టీకా మరవవద్దు

పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జబ్బు రేబిస్. జబ్బు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కాని ముందే ఆపవచ్చు. కుక్కపిల్లకు మూడు నెలలకు టీకా వేయించాలి. తరవాత ఏటా వేయించాలి. ఊళ్లో వంద కుక్కలుంటే కనీసం 70 కుక్కలకు టీకా పడాలి. అప్పుడే రేబిస్ ఆగుతుంది.

1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఈ టీకా వేయించాడు. పిల్లవాడు బతికాడు. అందుకే ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు టీకాలు వేస్తుంటారు.

కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టవద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. సూదులన్నీ పూర్తిగా వేయించుకోవాలి. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులనేది పాతమాట. ఇప్పుడు చేతికే వేస్తారు.

ఇది ఎవరి పని?

పెంపుడు కుక్క బాధ్యత పెంచేవారిదే. వీధికుక్కల బాధ్యత పంచాయతీ, మున్సిపాలిటీలది. దీనికి కేంద్ర ప్రభుత్వం 2001లో నియమాలు చేసింది. 2023లో కొత్త నియమాలు వచ్చాయి. కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని వాటిలో ఉంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్కరు అడిగితే వినకపోవచ్చు. పదిమంది ఆడవాళ్లు సంతకాలు చేసి ఇస్తే వింటారు. అర్జీ ఇలా రాయవచ్చు:

"సర్పంచ్ గారికి నమస్కారం. మా వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయి. పిల్లలు బడికి వెళ్లడానికి భయపడుతున్నారు. కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు చేయించాలని కోరుతున్నాము. ఇట్లు, మీ గ్రామ మహిళలు."

చెప్పండి
1. కుక్కల్ని తరిమినా ఎందుకు తగ్గవు?
2. కుక్క కరిస్తే మొదట ఏం చేయాలి?

లెక్క వేయండి
ఒక కుక్క ఏడాదికి రెండు ఈతలు ఈనింది. ఈతకు అయిదు పిల్లలు. మూడేళ్లకు ఎన్ని పిల్లలు?

రాయండి
పై అర్జీని మీ వీధి పేరుతో రాయండి. కింద మీ సంతకం చేయండి. పక్కింటివారి చేత కూడా చేయించండి.