చేతికొచ్చిన కాగితంతోనే ఇంగ్లిష్

ఇంగ్లిష్ నేర్చుకోవాలని పట్టుబట్టిన ఉద్యోగులు చాలామంది బస్టాండు పక్కన ఒక పుస్తకం కొని, ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే మాటలు రోజుకు ఇరవై చొప్పున బట్టీ పడతారు. ఆ మాటలతో డ్యూటీలో పనిపడదు, ఇంట్లోనూ పనిపడదు. వారం తిరిగేసరికి మొదటి రోజు మాటలు పోతాయి. ఇంకో వారానికి ఉత్సాహమూ పోతుంది. దీనికి జ్ఞాపకశక్తిని నిందించి లాభం లేదు. వాడకం లేని మాట ఎవరికీ నిలవదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసేవాళ్లకు ఇంతకంటే దగ్గరి దారి ఉంది. ఇంగ్లిష్ కాగితాలు రోజూ మన చేతికి వస్తూనే ఉన్నాయి. ఆశా కార్యకర్త చేతికి ల్యాబ్ రిపోర్టు వస్తుంది. పైడిభీమవరం ఫార్మా యూనిట్లో హెల్పర్ కళ్ల ముందు డ్రమ్ము మీద లేబుల్ ఉంటుంది. తీరగ్రామంలో సచివాలయ ఉద్యోగి ఫోనుకు తుపాను బులెటిన్ వస్తుంది. వీటిలో ఎక్కువ భాగం ఆరోగ్యం, పర్యావరణం చుట్టూ తిరిగేవే. విషయం మనకు ముందే తెలుసు, మాటలే కొత్తవి. కాబట్టి ఈ రెండు విషయాల మీద చిన్నచిన్న పాఠాలు చదవడంతో మొదలుపెట్టమంటాను.

ఉద్దానం సంగతే తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు మాట వినని ఇల్లుండదు. బడి ముఖం చూడని అమ్మమ్మ కూడా ‘క్రియాటినిన్’ అని తడబడకుండా అంటుంది. ఆ మాటను ఆమెకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, అవసరం నేర్పింది. మీరూ ఆ దారినే పట్టవచ్చు. పైగా మీకు చదవడం, రాయడం వచ్చు.

ఒక కిడ్నీ పరీక్ష రిపోర్టు ముందు పెట్టుకోండి. ఎడమవైపు ‘సీరమ్ క్రియాటినిన్’, దాని పక్కన ఫలితం, ఆ పక్కన ‘రిఫరెన్స్ రేంజ్’, అంటే మామూలుగా ఉండాల్సిన హద్దులు. ఫలితం పక్కన ‘హెచ్’ ఉంటే హద్దు దాటిందని, ‘ఎల్’ ఉంటే హద్దుకు దిగువన ఉందని. కింద ‘ఈజీఎఫ్ఆర్’ అని ఇంకో అంకె ఉంటుంది. ‘ఎస్టిమేటెడ్ గ్లామెరులర్ ఫిల్ట్రేషన్ రేట్’ అన్నదానికి అది పొట్టిపేరు. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయో లెక్కగట్టి చెప్పే అంచనా అది. ఆ అంకె 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్కిస్తారు. 15 కంటే దిగువకు వస్తే అయిదో దశ, అంటే ‘స్టేజ్ 5’. ఇంతలో మీరు ఎన్ని మాటలు పట్టుకున్నారో చూడండి: రేంజ్, ఎస్టిమేటెడ్, ఫిల్ట్రేషన్, రేట్, స్టేజ్. ఇవి ఆసుపత్రికే పరిమితం కావు. ఫ్యాక్టరీ లాగ్‌బుక్కులో, నీళ్ల ప్లాంటులో, సర్వే ఫారంలో మళ్లీ ఇవే ఎదురవుతాయి. ‘గ్లామెరులర్’ ఒక్కటి డాక్టర్లకు వదిలేయవచ్చు. ఏ మాట ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడం కూడా ఈ చదువులో భాగమే.

అదే రిపోర్టు మీద ‘క్రానిక్’ అని కనిపిస్తే చాలామంది ‘ముదిరిపోయింది’ అనుకుని బెంబేలెత్తుతారు. ఆ మాట చెప్పేది కాలాన్ని, తీవ్రతను కాదు. ఎక్కువకాలంగా ఉన్నది క్రానిక్, ఉన్నట్టుండి వచ్చింది అక్యూట్. తీవ్రత ఎంతో స్టేజ్ చెబుతుంది. రోగి తరఫువాళ్లు “ఏటి తల్లీ, ఇందులో ఏటి రాసేరు?” అని అడిగినప్పుడు ఈ తేడా తెలిసిన ఆశా కార్యకర్త చెప్పే జవాబుకూ తెలియనామె చెప్పే జవాబుకూ ఎంత దూరమో ఆలోచించండి. ఒక కుటుంబం నిద్రపోయే రాత్రికీ నిద్రపట్టని రాత్రికీ ఉన్నంత దూరం.

చదవడానికి ఎంత కష్టమైన పాఠం ఎంచుకోవాలి? దీనికి ఒక కొలత ఉంది. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ జీవితమంతా మాటలు నేర్చుకోవడం మీదే పరిశోధించారు. ఆయన మరొకరితో కలిసి చేసి 2000లో అచ్చువేసిన అధ్యయనం ప్రకారం, ఎవరి సాయం లేకుండా ఒక పాఠం హాయిగా అర్థం కావాలంటే అందులో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలి. మన పనికి అంత కచ్చితం అక్కర్లేదు. నూరు మాటల ముక్క తీసుకుని తెలియనివాటి కింద పెన్సిలు గీత గీయండి. అయిదు దాటాయా, ఆ పాఠం ఇవాళ్టికి పక్కనపెట్టి తేలికైనది పట్టండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంగ్లిష్ దినపత్రిక సంపాదకీయంతో కుస్తీపట్టి ఓడిపోయి చదువే మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

తేలికైనవి ఎక్కడ దొరుకుతాయంటే, ముందు మీ ఇంట్లోనే వెతకండి. 2020-21 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఆరో తరగతి సైన్సు పుస్తకంలో నీళ్లు, ఆహారం గురించిన పాఠాలు పెద్దవాళ్లు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి చక్కగా సరిపోతాయి. ముందు తెలుగు పేజీ చదవండి, తరవాత ఇంగ్లిష్ పేజీ. నిఘంటువు వెతికే శ్రమ సగం తగ్గుతుంది. పిల్లల పుస్తకం పెద్దవాళ్లు చదవడం చిన్నతనం అనుకోకండి. మీ పక్కన కూర్చుని మీ పాపో బాబో ఉచ్చారణ సరిదిద్దితే ఇద్దరికీ మేలే. ఆ మెట్టు దాటాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్యాక్ట్ షీట్లు చూడండి. ప్రతిదాని పైభాగాన ‘కీ ఫ్యాక్ట్స్’ అని కొన్ని వాక్యాలుంటాయి. ఒక పూటకు అవి చాలు. మాటలు తగ్గించి విషయం చెప్పడం కొత్త ఆలోచనేమీ కాదు. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లోనే స్పెషల్ ఇంగ్లిష్ పేరుతో సుమారు 1500 మాటలతో, పొట్టి వాక్యాలతో, నెమ్మదిగా చదివే కార్యక్రమాలు మొదలుపెట్టింది.

నోటుబుక్కు రాసే పద్ధతి మార్చుకోండి. ఒక మాట, పక్కన ఒక అర్థం రాసే అలవాటు పెద్దగా పనికిరాదు. మాటను దాని జోడుతో కలిపి రాయాలి. ‘వాటర్’ అని రాసుకుంటే మీకు కొత్తగా వచ్చేది ఏమీ లేదు. ‘డ్రింకింగ్ వాటర్’, ‘గ్రౌండ్‌వాటర్’, ‘సర్ఫేస్ వాటర్’ అని రాసుకుంటే ఉద్దానం కథంతా అందులోనే ఉంది. అక్కడి ఊళ్లు తరాలుగా భూగర్భజలం తాగాయి. ఇప్పుడు వంశధార నీటిని హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులైన్లలో తెచ్చే పథకం వచ్చింది. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఈ మూడు వాక్యాలను మీకు వచ్చిన ఇంగ్లిష్‌లో రాయడానికి ప్రయత్నించండి. తప్పులుంటే ఉండనివ్వండి. మన ఊరి సంగతి రాస్తున్నప్పుడు మాట కోసం మనసు తనంతట తానే వెతుకుతుంది. ఈ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు కాబట్టి శాస్త్రవేత్తలు ‘అన్‌నోన్ ఎటియాలజీ’ అంటారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకు వచ్చిన జబ్బు గురించి చదివినా ఇదే మాట కనిపిస్తుంది. ఎక్కడో సముద్రాల అవతల పొలంలో పనిచేసే మనిషి బాధ చదువుతుంటే సగం మాటలు మీకు ముందే తెలిసి ఉంటాయి.

రాసుకున్న మాటల్ని మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరగేయండి. అర్థం ఉన్నవైపు చేత్తో మూసి గుర్తుచేసుకోవాలి. ఊరికే చూస్తూ పోతే వచ్చినట్టే ఉంటుంది, రాదు. స్పెల్లింగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి, ఉచ్చారణ కోసం పక్కన తెలుగులో రాసుకోవచ్చు.

ఇళ్లలో రోగుల్ని చూసుకునే పనికి, నర్సింగ్ హోముల్లో ఆయా పనికి వెళ్లేవాళ్లకు ముందుగా కావాల్సింది మందుల చీటీ. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఆ చివరిది తెలియక నొప్పి మాత్ర రోజూ వేసేస్తుంటారు. కిడ్నీ జబ్బున్న ఇంట్లో అది ప్రమాదం, ఎందుకంటే కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు చేస్తాయి.

ఫార్మా, కెమికల్ యూనిట్లలో పనిచేసేవాళ్లకు పాఠ్యపుస్తకం వేరే ఉంది. దాని పేరు సేఫ్టీ డేటా షీట్. ప్రపంచమంతటా దాన్ని 16 భాగాలుగా, ఒకే వరసలో రాస్తారు. మొత్తం చదవాలంటే ఎవరికైనా ఓపిక చాలదు. నాలుగోది ఫస్ట్ ఎయిడ్, ఆరోది ఒలికిపోతే ఏం చేయాలో చెప్పేది, ఎనిమిదోది ఏ గ్లవ్స్, ఏ మాస్కు వేసుకోవాలో చెప్పేది. ఈ మూడింటితో మొదలుపెట్టండి. వాక్యాలు పొట్టిగా, ఆజ్ఞలా ఉంటాయి. ‘డు నాట్ ఇండ్యూస్ వామిటింగ్’, అంటే వాంతి చేయించవద్దు. ‘కొరోసివ్’ అంటే చర్మాన్ని, లోహాన్ని తినేసేది. ‘ఇరిటెంట్’ అంటే మంట, దురద పుట్టించేది. ‘ఫ్లేమబుల్’, ‘ఇన్‌ఫ్లేమబుల్’ రెండూ ఒకటే, రెండూ మండేవే. ముందు ‘ఇన్’ ఉందని మండదనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ‘వేపర్ హెవియర్ దాన్ ఎయిర్’ అని కనిపిస్తే ఆ ఆవిరి పైకి పోకుండా నేలబారున పాకి పల్లంలో పేరుకుంటుందని అర్థం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్.వెంకటాపురం జనాన్ని కమ్మిన స్టైరీన్ ఆవిరి అలాంటిదే. కంపెనీ బస్సులో వెళ్లేటప్పుడు రోజుకు ఒక రసాయనం చొప్పున ఈ మూడు భాగాలు చదువుకుంటే, ఇంటర్వ్యూలో సూపర్‌వైజర్ పోస్టుకు అడిగే ప్రశ్నలు చాలావరకు మీకు అక్కడే దొరుకుతాయి.

తీరంలో పనిచేసే ఉద్యోగులకు, వలంటీర్లకు అక్టోబరు, నవంబరు నెలలు మంచి తరగతులు. వాతావరణ శాఖ బులెటిన్లలో మాటలు ఎక్కువ మారవు. ‘లో ప్రెషర్ ఏరియా’, ‘డిప్రెషన్’, ‘డీప్ డిప్రెషన్’, గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే ‘సైక్లోనిక్ స్టార్మ్’. ఆ పైన ‘సివియర్’, ‘వెరీ సివియర్’. ఒకటి రెండు బులెటిన్లు వరసగా చదివితే మూడోది తెలుగు చదివినంత సులువవుతుంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140-150 కిలోమీటర్లు, ‘గస్టింగ్ టు’ 165 అన్నారు. మొదటి అంకె నిలకడగా వీచే గాలిది, రెండోది మధ్యమధ్య కొట్టే ఈదురుదెబ్బది. కొబ్బరిచెట్టు విరిగేది, రేకు లేచిపోయేది ఎక్కువగా ఆ దెబ్బకే. ‘స్టార్మ్ సర్జ్’ అంటే సముద్రం పొంగి ఊరి మీదికి రావడం, ‘ఇనన్‌డేషన్’ అంటే ఆ నీటిలో ఊరు మునగడం. ‘ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్’ అన్న వాక్యం మర్యాదగా సలహాలా కనిపించినా, వేటకు వెళ్లవద్దనే దాని అర్థం. మైకులో చెప్పేటప్పుడు అలాగే గట్టిగా చెప్పాలి.

పర్యావరణం మాటలు తెలియకపోతే ఏమవుతుందో సోంపేట చూపించింది. అక్కడి బీల భూముల్లో, అంటే చిత్తడి నేలల్లో, 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు తలపెట్టారు. ఆ బీల చేపలకు, వరికి, పశువుల మేతకు ఆధారమని ఊరి జనానికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. బీలను ఇంగ్లిష్ కాగితంలో ‘వెట్‌ల్యాండ్’ అని గుర్తిస్తారా లేదా అన్నదాని మీదే ఎంతో ఆధారపడింది. 2010 జులై 14న ప్లాంటు వద్దన్న జనం మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దుచేసింది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి. కానీ అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లిష్‌లో ఉంటుంది. సచివాలయంలో, పంచాయతీలో, విలేకరిగా, లాయరు దగ్గర గుమాస్తాగా పనిచేసే మన పిల్లలు ఆ నివేదికలో ‘ల్యాండ్ యూజ్’, ‘వాటర్ సోర్స్’, ‘ఎఫ్లుయెంట్ డిశ్చార్జ్’ అన్న పేజీలు వెతికి చదవగలిగితే, ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఊరికి దక్కే బలం వేరుగా ఉంటుంది.

ఈ నేల మీదే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నది ఏ పుస్తకం నుంచీ కాదు. అప్పటికి ఆ భాషకు పుస్తకాలే లేవు. సవరల నోట విని, మాటా మాటా రాసుకుని కూర్చారు. ఆ కృషి చివరికి 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువుగా అచ్చయింది. మీకు నిఘంటువు ఫోనులోనే ఉంది. వినే చెవి, రాసుకునే చెయ్యి ఉంటే చాలు.

మాట్లాడే ధైర్యం గురించి అడుగుతారు. చదివిన నూరు మాటల ముక్కను మర్నాడు షిఫ్టులో తోటివారికి రెండు వాక్యాల్లో చెప్పండి. మొదట్లో సగం తెలుగులో చెప్పినా పరవాలేదు. డాక్టరో, ఆఫీసరో ఇంగ్లిష్‌లో గబగబా చెప్పి వెళ్లిపోతుంటే తల ఊపేయకండి. ‘సర్, ప్లీజ్ సే ఇట్ ఎగైన్’ అని అడిగి, విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోండి. మందు మోతాదు, వాల్వు నంబరు, తుపాను సమయం లాంటి వాటి దగ్గర ఇలా అడిగినందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు. చూసినా, అడిగి తీరాలి.