చలికాలమునకు ఇంధన సంచయము

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలోని సత్యము హిమాలయ ప్రాంతముల వారికి తెలిసినంతగా మైదానవాసులకు తెలియదు. కృష్ణా గోదావరీ తీరములందు చలి యెంత ముదిరినను ఒక కంబళితోనో, వాకిట వేసిన చలిమంటతోనో గడచిపోవును. కాశ్మీర, లడఖ్ ప్రాంతములలో అట్లు కాదు. అచ్చట నిప్పు ప్రాణాధారము.

కాశ్మీరమున డిసెంబరు 21వ తేదీ మొదలు 40 దినములు చలి అతి తీవ్రముగా నుండును. ఆ కాలమును ‘చిల్లై కలాన్’ అందురు. సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల యెత్తున నున్న లేహ్ పట్టణమున ఒక్కొక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 20 డిగ్రీల వరకు పడిపోవును. మంచు మిక్కుటముగా కురిసినపుడు కనుమదారులు మూతపడును. ఆ దినములలో వంటచెఱకు వెదకబోవుట ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట వంటిది. అందుచేత అచ్చటి గృహస్థులు ధాన్యముతోపాటు ఇంధనమును కూడ ముందుగనే కూడబెట్టుకొందురు.

శరత్కాలమున కాశ్మీరమునందలి చినార్ వృక్షములు ఆకులు రాల్చును. జనులు వానిని ఊడ్చి, కుప్పలు పోసి, నిప్పంటింతురు. ఆకులు బూడిద కాకమునుపే నీరు చిలకరించి మంట నార్పుదురు. మిగిలిన నల్లని ఆకుబొగ్గును ఆరబెట్టి సంచులలో దాచుకొందురు. ఇది ‘కాంగ్డీ’లో వేయుటకు పనికివచ్చును. కాంగ్డీ యనగా వెదురుబుట్ట వంటి అల్లిక నడుమ నమర్చిన చిన్న మట్టికుంపటి. దానిని ‘ఫెరన్’ అను వదులైన అంగీ లోపల ఉంచుకొని వెచ్చదనము పొందుదురు. పొగ పుట్టించు పదార్థములు బొగ్గు చేయునపుడే పోవును గనుక బొగ్గు బూడిద క్రింద పొగలేక నిదానముగా కాలును. అయినను బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గు రాజవేసి నిద్రించినవారు మరల మేల్కొనకపోవచ్చును.

లడఖ్‌లో చెట్లు మిక్కిలి తక్కువ. సెలయేళ్ల వెంట పెంచిన విల్లో, పాప్లర్ చెట్ల కొమ్మలు వంటచెఱకునకు చాలవు. అందుచే వేసవి పొడవునను పచ్చికబయళ్లలో ఆవుల యొక్కయు, జడలబఱ్ఱెల యొక్కయు పేడను ఏరి ఎండబెట్టి, కొమ్మలతోపాటు ఇంటికప్పుపై పేర్చుదురు. ఆ సీమలో వాన అత్యల్పము గనుక ఆరుబయట నుంచినను అవి చెడవు. వానలు కురియు చోట ఆ పద్ధతి పనికిరాదు. నిలువచేయు విధము దేశమును బట్టి మారుచుండును.

కట్టెల విషయమున ముఖ్యశత్రువు తేమ. అప్పుడే కొట్టిన పచ్చికట్టెలో ఇంచుమించు సగము బరువు నీరే. తేమ బొత్తిగా లేని కిలోగ్రాము కట్టె సుమారు 4,400 కిలోకేలరీల వేడి నిచ్చును. పచ్చికట్టెలో అర కిలోగ్రామే కట్టె గనుక దాని వేడి 2,200. అందులో 300 తనలోని నీటిని ఆవిరి చేయుటకే వ్యయమై 1,900 మాత్రము మిగులును. ఐదవవంతు తేమ మాత్రమే నిలుచునట్లు ఆరబెట్టిన కట్టె కిలోగ్రాము ఒక్కింటికి 3,400 ఇచ్చును. ఆరబెట్టుట యను శ్రమకు ఇంతటి ఫలము కలదు! కట్టెలను చీల్చి, నేలకు తగులకుండ దుంగలపై, గాలి యాడునట్లు సందులు విడిచి పేర్చవలెను. పైభాగమును మాత్రము కప్పి, ప్రక్కలు తెఱచి యుంచవలెను. లావుపాటి కట్టె చక్కగా ఆరుటకు ఏడాదియో, అంతకు మించియో పట్టును.

తక్కిన ఇంధనముల వేడి ఇంకను హెచ్చు. మేలి రాతిబొగ్గు కిలోగ్రామునకు 6,000 కిలోకేలరీలకు పైగను, కిరోసిన్ 10,000కు పైగను, వంటగ్యాసు సుమారు 11,000 ఇచ్చును. అయినను వీనికిని చిక్కులు కలవు. రాతిబొగ్గును పెద్దరాశిగా పోసినచో లోపల వేడి పెరిగి తనంతట తానే అంటుకొనవచ్చును. కిరోసిన్‌ను మూత బిగించిన పీపాలలో నిప్పునకు దూరముగా దాచవలెను. వంటగ్యాసులోని బ్యూటేన్ సున్న డిగ్రీల దాపున వాయువుగా మారుట మానును. అప్పుడు సిలిండరు నిండుగా నున్నను మంట మందగించును. మామూలు డీజిలు అతిశీతలమున పేరుకొనిపోవును. అందుచే సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పేరుకొనని ప్రత్యేకమైన డీజిలును 2019లో లడఖ్ కొఱకు ప్రవేశపెట్టిరి.

కావున ఎక్కువ వేడి నిచ్చునదే ఉత్తమ ఇంధనమని తలచుట పొరపాటు. అది దారులు మూసినపుడును చేతికందునా? చెడక నిలుచునా? ఆ చలిలో మండునా? ఇంటివారి ఊపిరికి కీడు చేయదు గదా? ఈ నాలుగు ప్రశ్నలకు తగిన సమాధానము చెప్పగలిగినదే ఉత్తమము. కొండవాసులు ఈ వివేకమును అనుభవమువలన నేర్చుకొనిరి. వేసవి యెండలో వారు పేర్చిన ప్రతి పిడకయు, శరత్తులో ఊడ్చిన ప్రతి ఆకును, మంచురాత్రి ఒక పసిబిడ్డకు వెచ్చదన మిచ్చుచున్నది.