పెరటితోటల స్వచ్ఛంద బోధకులకు శిక్షణ: పసుపు ఆకు చెప్పే పాఠం

పెరటిలో బెండ ఆకు పసుపు రంగుకు తిరగగానే గృహిణి అడిగే మొదటి ప్రశ్న "ఏం మందు కొట్టాలి?" అన్నదే. ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పకుండా నిలువరించుకోగలగడం స్వచ్ఛంద తోట బోధకునికి అలవడవలసిన ప్రథమ నైపుణ్యం. పెరటి మొక్కపై చల్లిన మందు రెండు మూడు రోజుల్లోనే పిల్లల కంచంలోకి చేరవచ్చు. కనుక ఇక్కడ ఊహపై ఇచ్చే సలహా పొలంలో కన్నా ప్రమాదకరం.

ఇంటితోటల వారి ప్రశ్నలు విస్తరణాధికారుల శక్తికి మించిపోవడంతో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 1973లో 'మాస్టర్ గార్డెనర్' శిక్షణను ఆరంభించింది. పొందిన శిక్షణకు ప్రతిఫలంగా అభ్యర్థి నిర్ణీత గంటలపాటు ప్రజలకు ఉచితంగా సేవ చేయాలన్నది దాని నియమం. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి సమీపమైన ఏర్పాటు రైతు సాధికార సంస్థ 2016 నుండి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఉంది. స్వయంగా సాగు చేసి ఫలితం చూసిన రైతులే, వారిలో ఎందరో మహిళలు, ఐ.సి.ఆర్.పి.లుగా తోటి రైతులకు నేర్పుతారు. వారికి గౌరవ వేతనం ఉంటుంది గనుక ఇది పూర్తిగా స్వచ్ఛందం కాదు. అయినా తన పెరడు పండించనివారు ఇతరులకు బోధించరాదన్న సూత్రం రెండింటికీ చెందదగినదే.

ఇటువంటి శిక్షణకు హనుమాన్ జంక్షన్ అనువైన చోటు. విజయవాడ–ఏలూరు జాతీయ రహదారిని నూజివీడు–గుడివాడ మార్గం ఇక్కడే దాటుతుంది. గుడివాడ వైపు సాగితే వరి పండే డెల్టా నల్లరేగడి, నూజివీడు వైపు మళ్లితే మామిడి తోటల ఎర్రనేలలు. ఒకే సలహా ఈ రెండు వైపులా చెల్లదు. నల్లరేగడిలో వానాకాలపు నీరు నిలిచి వేళ్లకు గాలి అందదు. జానెడు ఎత్తు మడులు, వాటి నడుమ మురుగుకాలువలు తప్పనిసరి. ఎర్రనేల తేమను త్వరగా కోల్పోతుంది. అక్కడ పశువుల ఎరువు, ఎండుగడ్డి ఆచ్ఛాదన ముఖ్యం. ఉదయం ఒక ఊరిలో, మధ్యాహ్నం మరో ఊరిలో అభ్యర్థుల చేత మన్ను తడిపి పిసికిస్తే ఈ భేదం వేళ్లకే తెలుస్తుంది. గదిలో చూపే చిత్రాలు ఆ పని చేయలేవు.

ఇక పసుపు ఆకు. అడుగు ఆకులు ముందుగా, ఈనెలతో సహా సమంగా పాలిపోతే నత్రజని లోపాన్ని అనుమానించాలి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే ఇనుపధాతు లోపం. సున్నం పాలు అధికంగా ఉన్న నల్లనేలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయడం సిఫారసు. ఇందుకు విరుద్ధంగా ఈనెలే పసుపెక్కి వలలా కనిపిస్తే అది తెల్లదోమ వ్యాపింపజేసే పల్లాకు తెగులు. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు; దానిని పీకి నాశనం చేసి, పసుపు రంగు జిగురు అట్టలతో దోమ ఉనికిని గమనిస్తూ ఉండాలి. మొక్క మొత్తం వాడి, మన్ను బురదగా ఉంటే లోపం మురుగుపారుదలది. ఆకు చూడటంతో సరిపెట్టక వేరు వరకు త్రవ్వి చూడటం ఇందుకే.

పాళ్ల లెక్క మరొక చిక్కు. ఎకరాకు చెప్పిన 200 లీటర్ల జీవామృతాన్ని సెంటు పెరటికి ఎలా కుదించాలో తెలియక గృహిణులు ఎంతో కొంత పోసేస్తారు. లెక్క ప్రకారం సెంటుకు 2 లీటర్లే. 1 కిలో పేడ, 1 లీటరు మూత్రం, 200 గ్రాముల చొప్పున బెల్లం, పప్పుదినుసుల పిండి, గుప్పెడు మన్నుతో 20 లీటర్లు తయారుచేసుకుంటే పది ఇళ్లకు చాలుతుంది.

తేలని సమస్య ఎదురైనప్పుడు "తెలియదు, కనుక్కొని చెబుతాను" అనడం బోధకునికి చిన్నతనం కాదు. మొక్క నమూనాను, ఫోటోను, మన్ను రకం, నీరు పెట్టిన తేదీ వంటి వివరాలతో ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోటికి పంపి, వచ్చిన జవాబును అడిగిన ఇంటికే తిరిగి చేర్చాలి. తుది పరీక్షలో వ్రాతప్రశ్నల కన్నా దీనికే ఎక్కువ మార్కులు ఉండటం ఉచితం: అభ్యర్థి ముందు జబ్బుపడిన మొక్క ఉంచి, మందు పేరు చెప్పేలోగా అతడు ఎన్ని ప్రశ్నలు అడిగాడో లెక్కించాలి.