పైపులు మార్చేముందు ఇంటింటికీ చెప్పవలసినవి

2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీరు తాగి పలువురు మరణించారు. నీటిని మరిగిస్తే అటువంటి క్రిములు చస్తాయి. కాని సీసం పోదు. నీరు ఆవిరవుతుంది, సీసం అలాగే మిగులుతుంది.

నీటిలో కరిగిన సీసానికి రంగు, రుచి, వాసన ఉండవు. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తల్లి నుండి గర్భస్థ శిశువుకూ చేరుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము మించరాదు.

2008లో విమానాశ్రయం మొదలయ్యాక శంషాబాద్ చుట్టూ ఎన్నో కాలనీలు వెలిశాయి. "మావి ప్లాస్టిక్ పైపులే కదా" అని ఊరుకోకండి. పి.వి.సి. పైపుల తయారీలో సీసం లవణాలు వాడేవారు. దీన్ని మాన్పించడానికే కేంద్రం 2021 నియమాలు తెచ్చింది. ఇత్తడి కుళాయిల్లోనూ సీసం ఉండవచ్చు.

మీ కాలనీలో పైపులు మారుస్తుంటే, ప్రతి ఇంటికీ, అద్దెకున్నవారికీ తెలుగు, ఉర్దూ, హిందీలలో ఇవి చెప్పండి:

1. ఏ పైపు, ఎందుకు, ఏ రోజు మారుస్తారు? ఖర్చు ఎవరిది?
2. పని ముగిసేదాకా తాగడానికి, వంటకు, పాలపొడి కలపడానికి మంచినీరు ఎక్కడ దొరుకుతుంది?
3. రాత్రంతా పైపులో నిలిచిన నీరు తాగవద్దు. కాసేపు వదిలి, ఆ నీటిని మొక్కలకు కాక ఇల్లు కడగడానికి వాడండి. గీజరు నీటితో వండవద్దు.
4. కొత్త పైపు వేశాక కుళాయి జాలీలు కడగండి. నీటిని పరీక్ష చేయించి, ఫలితాన్ని అందరికీ కనబడేలా అంటించండి.

అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చినప్పుడు పైపుల సీసం నీటిలో కలిసింది. నీరు మంచిదేనని అధికారులు చెబుతూ వచ్చారు. పిల్లలు ఆ నీటినే తాగారు. కనుక తెలిసినది వెంటనే చెప్పండి. అనుమానం ఉంటే బిడ్డకు రక్తపరీక్ష చేయించండి.